స్టీరియోలో హమ్మింగ్: ఏది కొనాలి, ఏది కొనక్కర్లేదు

పాట ఆపేయండి. వాల్యూమ్ మాత్రం మామూలుగా వినే చోటే ఉంచి, స్పీకర్ బాక్సుకి దగ్గరగా చెవి పెట్టండి. వినిపించేది గుయ్‌మనే లావు శబ్దమా, జీమనే సన్నటి రొదా, బుస్సుమనే చప్పుడా? ఈ మూడింటికీ కారణాలు వేరు, అయ్యే ఖర్చు వేరు. షాపులో మాత్రం దేనికైనా ఒకటే మాట వినిపిస్తుంది: మంచి కేబుల్ వేయండి, లేదంటే ఆంప్ (ఆంప్లిఫయర్) మార్చేయండి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చప్పుడు ఏ దారిన లోపలికి వస్తోందో తేలేదాకా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. ఆ దారి కనిపెట్టడానికి ఒక సాయంత్రం చాలు, కొనాల్సింది దాదాపు ఏమీ ఉండదు. అది తేలాక రెండు మూడు మార్గాలు మిగులుతాయి. వాటిలో ఎవరికి ఏది సరిపోతుందో చూద్దాం.

చెవి చెప్పేది

మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా వాళ్ల వీడియోల్లో 60, 120 హెర్ట్జ్ అని చెబుతుంటారు, మన ఇళ్లలో అవి 50, 100 అవుతాయి. ఈ రెంటినీ విడదీసి గుర్తుపట్టగలిగితే సగం పని అయినట్టే. 50 హెర్ట్జ్ శబ్దం ఎక్కువగా బయటినుంచి వస్తుంది: కేబుళ్ల ద్వారా, ఎర్త్ ద్వారా, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం ద్వారా. 100 హెర్ట్జ్ శబ్దం ఎక్కువగా ఆంప్ లోపలి పవర్ సప్లైలో పుడుతుంది. బ్రిడ్జి డయోడ్లు ఏసీలోని రెండు సగాలనూ వాడుకుంటాయి కాబట్టి, డీసీగా మారాక మిగిలిపోయే అల సెకనుకి 100 సార్లు కదులుతుంది. ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ ఒకటి వేసుకుని, మంచి ఇయర్‌ఫోన్స్‌తో 50, 100 ఒకదాని తర్వాత ఒకటి వినండి. ఫోన్ స్పీకర్ 50 హెర్ట్జ్‌ని పలకలేదు, దాంతో పోల్చి లాభం లేదు.

జీమనే రొదలో 50 హెర్ట్జ్‌కి పై గుణిజాలు బోలెడు కలిసి ఉంటాయి. ఫ్యాన్ రెగ్యులేటర్, చార్జర్లు, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ లాంటివి మొదట అనుమానించాల్సినవి. బుస్సుమనేది కరెంటుతో సంబంధం లేని చప్పుడు, ఆంప్ లోపలి గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) ఎక్కువైనప్పుడు వినిపిస్తుంది. నాబ్ తిప్పినప్పుడు మాత్రమే గరగరమంటే అది వాల్యూమ్ కంట్రోల్‌లో పేరుకున్న దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, నాబ్‌ని అటూ ఇటూ బాగా తిప్పితే చాలావరకు పోతుంది. తుప్పు వదిలించే మామూలు స్ప్రేలు మాత్రం అందులో కొట్టకండి.

చెవి ఒక్కదాన్నే నమ్ముకుని తీర్పు చెప్పలేం. ఎర్త్ లూప్ (రెండు ఎర్త్‌ల మధ్య వైర్లతో ఏర్పడే చుట్టు) ఒక్కోసారి గుయ్‌మంటుంది, ఒక్కోసారి జీమంటుంది. అందుకే తర్వాతి పరీక్షలు.

వాల్యూమ్ నాబ్, ఆ తర్వాత కేబుళ్లు

వాల్యూమ్‌ని పూర్తిగా సున్నాకి తెండి. హమ్ ఏమాత్రం తగ్గకుండా అలాగే ఉంటే అది నాబ్ తర్వాతి భాగంలో, అంటే పవర్ ఆంప్‌లోనో పవర్ సప్లైలోనో ఉంది. నాబ్‌తో పాటు పెరిగి తగ్గుతుంటే అది నాబ్‌కి ముందున్న దారిలోంచి వస్తోంది: టీవీ, ల్యాప్‌టాప్, రికార్డ్ ప్లేయర్, లేదా వాటిని కలిపే వైర్లు. ఈ ఒక్క పరీక్షతోనే అనవసరమైన కొనుగోళ్లు సగం ఆగిపోతాయి. వాల్యూమ్ సున్నాలో కూడా 100 హెర్ట్జ్ గుయ్‌మంటుంటే ఏ కేబుల్ కొన్నా ఉపయోగం లేదు, వైర్ల మధ్య లోహపు బంధాన్ని తెంపే ఏ ఐసొలేటర్ కొన్నా ఉపయోగం లేదు.

నాబ్‌తో పాటు మారే హమ్ అయితే, ఆంప్ ఆఫ్ చేసి వెనకనున్న కేబుళ్లన్నీ పీకేయండి. సెలెక్టర్ వేరే ఇన్‌పుట్‌కి తిప్పితే చాలదు. సెలెక్టర్ మార్చేది లోపలి సిగ్నల్ పిన్‌ను మాత్రమే. ప్రతి ఆర్‌సీఏ వైరు (గుండ్రటి పిన్లుండే మామూలు ఆడియో వైరు) పై అల్లికా, అంటే సిగ్నల్ తీగ చుట్టూ ఉండే లోహపు వల, ఆంప్ బాడీకి తగిలే ఉంటుంది. టీవీ వైరు పెట్టి ఉన్నంతసేపూ, మీరు సీడీ ఇన్‌పుట్‌లో ఉన్నా సరే, టీవీ హమ్ రావచ్చు. అన్నీ పీకి ఆన్ చేశాక నిశ్శబ్దంగా ఉంటే, ఒక్కొక్కటే తగిలించుకుంటూ రండి. ప్రతిసారీ ఆఫ్ చేసే పిన్ పెట్టండి. ఆన్‌లో ఉండగా ఆర్‌సీఏ పిన్ లాగితే దభేల్మనే శబ్దంతో ట్వీటర్ పోయే ప్రమాదం ఉంది. ఏ వైరు పెట్టగానే హమ్ మొదలైందో అదే మీ దారి.

ఖాళీగా వదిలిన ఇన్‌పుట్ కూడా గాల్లోని హమ్‌ని కొంత పట్టుకుంటుంది. అన్నీ పీకినా వాల్యూమ్ పెంచితే కాస్త గుయ్‌మంటోందంటే కంగారు పడకండి. ఒక పాత ఆర్‌సీఏ పిన్‌లో మధ్య కడ్డీని, బయటి రింగునీ చిన్న తీగతో కలిపి టంకం వేసి, ఆ షార్ట్ చేసిన పిన్‌ని ఇన్‌పుట్‌లో పెట్టండి. అప్పుడూ ఉంటేనే ఆంప్‌ని అనుమానించాలి. ఇలాంటి షార్ట్ పిన్‌ని అవుట్‌పుట్ సాకెట్లలో ఎప్పుడూ పెట్టకూడదు.

ఎర్త్ లూప్: ఇళ్లలో అసలు సమస్య ఎక్కువగా ఇదే

ఆంప్‌కి త్రీ పిన్ ప్లగ్ ఉంది, కాబట్టి దాని బాడీ మీ ఇంటి ఎర్త్‌కి కలిసి ఉంది. టీవీకి సెట్‌టాప్ బాక్సు ఉంది, దానికి వీధి స్తంభాల మీదుగా వచ్చిన కేబుల్ వైరు ఉంది. ఆ వైరు పై అల్లిక మరెక్కడో భూమికి తగిలి ఉంటుంది. టీవీ నుంచి ఆంప్‌కి ఆర్‌సీఏ వైరు వేసిన క్షణంలో ఈ రెండు ఎర్త్‌ల మధ్య చుట్టు పూర్తవుతుంది. రెండు చోట్ల భూమి వోల్టేజీ ఎప్పుడూ అచ్చంగా సమానంగా ఉండదు, ఆ తేడా కొద్దీ ఆర్‌సీఏ వైరు అల్లికలో 50 హెర్ట్జ్ కరెంటు పారుతుంది. అల్లిక నిరోధం 0.1 ఓం, పారే కరెంటు 10 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. వైరు రెండు చివర్ల మధ్య 1 మిల్లీవోల్టు తేడా వస్తుంది, ఆంప్ దాన్ని పాటలో భాగం అనుకుని పెంచేస్తుంది. పాట సిగ్నల్ సుమారు 300 మిల్లీవోల్టులు కాబట్టి హమ్ పాటకంటే 50 డెసిబెల్స్ మాత్రమే కింద ఉంటుంది. రాత్రిపూట ఆలాపన మధ్య విరామంలో అది స్పష్టంగా వినపడుతుంది.

ఖరీదైన కేబుల్ వేశాక కొంచెం తగ్గిందని చెప్పేవాళ్ల మాట నిజమే అయ్యుంటుంది. మందమైన అల్లిక ఉన్న పొట్టి వైరుకి నిరోధం తక్కువ, అందుకని హమ్ కూడా తగ్గుతుంది. కానీ చుట్టు తెగలేదు కాబట్టి పూర్తిగా పోదు. అంతే తగ్గుదల తక్కువ ధరకి దొరికే, మంచి రాగి అల్లికతో ఉన్న ఒక మీటరు వైరుతోనూ వస్తుంది. రెండు మీటర్లు అవసరమైన చోట ఐదు మీటర్ల వైరు చుట్ట చుట్టి వెనక పడేయడం మాత్రం మానేయండి.

ఇక దీనికున్న దారుల్లో మొదటిది పూర్తిగా ఉచితం. ఆంప్, టీవీ, సెట్‌టాప్ బాక్సు, సబ్ వూఫర్ అన్నిటినీ ఒకే బోర్డు నుంచి, ఒకే మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు ద్వారా నడపండి. 6 ఆంపియర్ల సాకెట్ 1,380 వాట్ల వరకు తట్టుకుంటుంది, మామూలు స్టీరియో సెట్టుకి అది చాలు. ఇస్త్రీపెట్టె, మిక్సీ లాంటివి అందులో కలపకండి. హాల్లో ఒక గోడ నుంచి ఆంప్, ఎదురు గోడ నుంచి సబ్ వూఫర్ నడుస్తున్న ఇళ్లలో ఈ ఒక్క మార్పుతో హమ్ పోవచ్చు. కేబుల్ టీవీ వైరు వల్ల వచ్చే హమ్‌కి ఇది సరిపోదు, ఎందుకంటే రెండో ఎర్త్ మీ ఇంటి బయటినుంచే వస్తోంది. అదేనా కాదా తెలుసుకోవాలంటే సెట్‌టాప్ బాక్సు వెనకనున్న గుండ్రటి కేబుల్‌ని మర తిప్పి తీసేయండి. బొమ్మ పోతుంది; దాంతోపాటు హమ్ కూడా పోతే దోషి దొరికినట్టే.

అలాంటి ఇంటికి నేను ముందుగా చెప్పేది ఆప్టికల్ కేబుల్. తోషిబా 1983లో తెచ్చిన ఈ పద్ధతిలో శబ్దం ప్లాస్టిక్ పోగులోంచి ఎర్రటి వెలుగుగా వెళుతుంది. లోహం లేదు కాబట్టి ఎర్త్ చుట్టుకి అవకాశమే లేదు. హమ్ తగ్గడం కాదు, ఆ దారిలో అసలు రాదు. ఇప్పటి టీవీల్లో చాలావాటికి ఆప్టికల్ అవుట్ ఉంటుంది. ఆంప్‌కి ఆప్టికల్ ఇన్‌పుట్ లేకపోతే ఆప్టికల్‌ని ఆర్‌సీఏగా మార్చే చిన్న కన్వర్టర్ కొనుక్కోవాలి, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. ఇక్కడ రెండు సంగతులు మర్చిపోకండి. ఒకటి, టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్‌ని పీసీఎంకి (కుదించని మామూలు డిజిటల్ రూపానికి) మార్చాలి. డాల్బీలో ఉంచితే ఆ చిన్న కన్వర్టర్లలో చాలావాటికి అర్థం కాదు, శబ్దమే రాదు. రెండోది ఇంకా ముఖ్యం. కన్వర్టర్‌కి కావాల్సిన 5 వోల్టులు టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి ఇచ్చారంటే, ఆప్టికల్‌తో తెంపిన చుట్టుని యూఎస్‌బీ వైరుతో మళ్లీ కలిపినట్టే. విడిగా ఒక టూ పిన్ ఫోన్ చార్జర్ వాడండి. ఆప్టికల్ వేశాం, అయినా హమ్ పోలేదు అనేవాళ్లు ముందు ఈ వైరునే చూసుకోవాలి. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ వైరులోనే ఆంప్‌కి పంపే పద్ధతి) వాడితే రిమోట్ సౌకర్యం బాగుంటుంది, కానీ అది లోహపు వైరే, చుట్టు అలాగే ఉంటుంది.

గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ రెండో దారి. రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్న డబ్బా అది, ఒక్కో చానల్‌కి ఒకటి. సిగ్నల్ అయస్కాంత క్షేత్రంగా దాటుతుంది, లోహపు బంధం తెగిపోతుంది. ఆప్టికల్ లేని టీవీకి, కారు స్టీరియోకి, ఆక్స్ వైరుతో నడిచే ఫోన్‌కి ఇది సులువు. కానీ చౌక రకాల్లో ఇనప కోర్ చాలా చిన్నది, లోతైన బేస్ గట్టిగా వచ్చినప్పుడు అది నిండిపోయి శబ్దం గీరుకుపోతుంది. మృదంగంలో ఎడమ వైపు దెబ్బ, సినిమా పాటల్లో బేస్ గిటార్ పలచబడతాయి. కొన్నవాళ్లు 40 హెర్ట్జ్ టోన్‌ని ఐసొలేటర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి విని చూడండి. వార్తలకి, సీరియళ్లకి ఏ రకమైనా సరిపోతుంది. సబ్ వూఫర్ లైనులో మాత్రం చౌక రకం పెట్టకండి, అక్కడ వెళ్లేదంతా బేసే. పెద్ద కోర్ ఉన్న మంచి ఐసొలేటర్లు చాలా ఖరీదు, ఆ డబ్బుకి ఆప్టికల్ కన్వర్టర్ ఎన్నోసార్లు కొనొచ్చు. ఐసొలేటర్‌ని ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెడితే అదే కొత్త హమ్ పట్టుకుంటుంది, ఒక జానెడైనా దూరం ఉంచండి. రికార్డ్ ప్లేయర్ వైరులో, స్పీకర్ వైరులో ఇది పనికిరాదు.

కేబుల్ వైరులోనే పెట్టే ఐసొలేటర్లు కూడా ఉన్నాయి. కేబుల్ టీవీకి మంచివే. డిష్ ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త: పైన డిష్‌కి ముందుండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు ఆ వైరులోంచే వెళ్లాలి, డీసీని ఆపే ఐసొలేటర్ పెడితే సిగ్నలే రాదు.

బ్లూటూత్ మాటేమిటి? వైరే లేదు కాబట్టి చుట్టు లేదు. పాటలు మాత్రమే వినేవాళ్లకి, ముఖ్యంగా ఫోన్ నుంచి వినేవాళ్లకి తక్కువ ఖర్చులో హాయి. టీవీకి వాడితే పెదాల కదలికకీ మాటకీ పొంతన తప్పొచ్చు. సాధారణ బ్లూటూత్ శబ్దాన్ని కుదించి పంపుతుంది. ఎఫ్‌ఎం, ఎంపీత్రీ వినే చెవులకి తేడా తెలియకపోవచ్చు, మంచి బాక్సుల మీద శాస్త్రీయ సంగీతం వినేవారికి తెలుస్తుంది. నేనైతే టీవీకి ఆప్టికల్, వంటింటి స్పీకర్‌కి బ్లూటూత్ అంటాను.

ల్యాప్‌టాప్ కథ కాస్త వేరు. మౌస్ కదిపితే, పేజీ స్క్రోల్ చేస్తే సన్నగా కీచుమంటుందా? చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. నిశ్శబ్దమైతే కారణం చార్జర్ దారిలోనే ఉంది. వినేంతసేపు బ్యాటరీ మీద నడపడం ఉచిత మార్గం, చాలామందికి అదే చాలు. పొద్దస్తమానం పెట్టి ఉంచేవాళ్లు యూఎస్‌బీ ఐసొలేటర్ చూడొచ్చు. చౌకగా దొరికేవాటిలో ఏడీయూఎం4160 చిప్ వాడినవి ఎక్కువ. వాటి వేగం 12 మెగాబిట్లే. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వరకు వాటితో కుదురుతుంది, అదీ మీ డీఏసీ (డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా మార్చే పరికరం) ఆ వేగంలో పనిచేసే రకమైతేనే. హై స్పీడ్ మాత్రమే తెలిసిన డీఏసీని అవి గుర్తించవు. 480 మెగాబిట్ల ఐసొలేటర్లు ఉన్నాయి, ధర బాగా ఎక్కువ. అంత పెట్టేముందు మీ డీఏసీకి ఆప్టికల్ ఇన్‌పుట్ ఉందేమో చూడండి. స్టూడియో మానిటర్లు, ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్న ఎడిటర్లకి బ్యాలెన్స్‌డ్ కేబుల్ (సిగ్నల్‌ని రెండు తీగల్లో ఎదురెదురుగా పంపి, దారిలో చేరిన చప్పుడుని కొట్టేసే వైరు) అన్నిటికంటే మంచిది, ఆ సాకెట్లు ఎలాగూ ఉంటాయి కాబట్టి వైరు ఖర్చే.

ఎర్త్ పిన్ విరిచేయడం గురించి

ఆంప్ ప్లగ్‌లోని పెద్ద పిన్ విరిచేస్తే హమ్ పోతుందని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. పోతుంది, నిజమే. చుట్టు అక్కడ తెగుతుంది మరి. కానీ ఆంప్ లోపల ఒక ఫేజ్ వైరు ఊడి బాడీకి తగిలిన రోజు, ఫ్యూజు కొట్టేయాల్సిన కరెంటుకి దారి ఉండదు. ఆంప్ బాడీ, దాన్నుంచి టీవీ బాడీ, ఆర్‌సీఏ పిన్లు అన్నీ 230 వోల్టుల మీద నిలబడతాయి. తడి చేత్తో పిల్లవాడు వాల్యూమ్ నాబ్ ముట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. టూ పిన్ అడాప్టర్‌లో త్రీ పిన్ దూర్చడం కూడా ఇదే పని. హమ్‌తోనైనా బతకండి కానీ ఇది చేయకండి.

ఇంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. ఎర్త్ లేని పాత ఇంట్లో సాకెట్‌లో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ చిన్న తీగతో కలిపేయడం. చూడ్డానికి అన్నీ పనిచేస్తాయి. ఎక్కడో న్యూట్రల్ వైరు తెగిన క్షణంలో ఇంట్లో ప్రతి లోహపు డబ్బాకీ ఫేజ్ వస్తుంది. ఎవరైనా అలా చేసి ఉంటే ఇవాళే తీయించండి.

ఎర్త్ సరిగ్గా ఉందా లేదా చూసే పని ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వండి, మల్టీమీటర్‌తో ఐదు నిమిషాలు. ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 చుట్టుపక్కల, ఫేజ్, ఎర్త్ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల లోపు కనిపించాలి. ఫేజ్, ఎర్త్ మధ్య ఏ నూరో నూటయాభయ్యో చూపిస్తే ఎర్త్ తెగి ఉందని అర్థం. ఫ్రిజ్ తలుపు, ఆంప్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటున్నా అదే అనుమానం. ఎర్త్ గుంటలు వేసవిలో ఎండిపోతాయి. బొగ్గు, ఉప్పు వేసిన పాత గుంటల్లో నెలల తరబడి నీళ్లు పోయకపోతే నిరోధం పెరుగుతుంది. రాతి నేలల్లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఎర్తింగ్‌కి మన ప్రమాణం ఐఎస్ 3043. కొత్త గుంట తవ్విస్తే దాని ప్రకారమే చేయమని, చేశాక నిరోధం కొలిచి చూపించమని అడగండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే అదీ పెట్టించండి. మంచి ఎర్త్ వచ్చాక బాడీ ముట్టుకుంటే తగ్గే రకం జీమనే రొద పోతుంది. ఎర్త్ లూప్ మాత్రం దీంతో పోదు, కొత్తగా బయటపడే అవకాశమూ ఉంది. అయినా ఖర్చు పెట్టాల్సిన మొదటి చోటు ఇదే, ఎందుకంటే ఇది పాటలకంటే ముందు ప్రాణాలకి సంబంధించింది.

జీమనే రొదకి: రెగ్యులేటరా, కండిషనరా?

ఫ్యాన్ రెగ్యులేటర్‌ని మూడులో పెట్టి వినండి, ఐదులో పెట్టి వినండి, ఆపేసి వినండి. ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉన్న, నున్నగా తిరిగే రెగ్యులేటర్లు ప్రతి అర్ధ సైకిల్‌లో కరెంటుని మధ్యలో కోస్తాయి, ఆ కోతే రొదగా వినిపిస్తుంది. టక్ టక్‌మని మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం వేస్తే ఆ కోత ఉండదు, అదీ కొన్ని వందల రూపాయల్లోనే. అదే సమస్యకి వేలు పోసి పవర్ కండిషనర్ కొనేవాళ్లు ఉన్నారు. చప్పుడు చేసేదాన్ని మార్చడం ఎప్పుడూ చౌక, ఎప్పుడూ నమ్మకం. రెగ్యులేటర్ కాకపోతే ఎంసీబీలు ఒక్కొక్కటే ఆపుకుంటూ రండి. ఏ గది ఆపితే రొద ఆగిందో ఆ గదిలోని ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, ట్యూబులైటు చోక్ చూడండి.

కరెంటు పోయినప్పుడు కూడా ఒక ఉచిత పరీక్ష దొరుకుతుంది. ఇన్వర్టర్ మీదకి రాగానే రొద పెరిగితే మీది స్క్వేర్ వేవ్ రకం కావచ్చు. ఫ్యాన్లు కూడా గుర్రుమంటుంటే ఇక సందేహం అక్కర్లేదు. సంగీతం వినే ఇంట్లో తర్వాత కొనే ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమే కావాలి.

కండిషనర్ గురించి, స్టెబిలైజర్ గురించి ఒక్క మాట. స్టెబిలైజర్ వోల్టేజీని సరిచేస్తుంది, రొదని వడకట్టదు. కండిషనర్ ఫేజ్, న్యూట్రల్ వైర్లలోని పై పౌనఃపున్యాల రొదని కొంత వడకడుతుంది. ఎర్త్ లూప్ తిరిగేది ఎర్త్ వైరు, సిగ్నల్ వైరు అల్లికల్లో. కండిషనర్ ఆ దారిలో లేదు, అందుకే గుయ్‌మనే హమ్‌కి అది పనిచేయదు.

శబ్దం బాక్సుల్లోంచి కాకుండా ఆంప్ డబ్బాలోంచే వస్తుంటే అది ట్రాన్స్‌ఫార్మర్ రేకుల కదలిక. మరలు బిగించడం, కింద రబ్బరు వాషర్లు వేయడం చాలాసార్లు సరిపోతుంది. టొరాయిడల్ (గుండ్రటి చక్రంలా ఉండే) ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్ పగలు కొన్ని వేళల్లోనే గుర్రుమంటుంటే లైనులో కొద్దిపాటి డీసీ చేరి ఉండొచ్చు. డీసీ బ్లాకర్ అక్కర్లోకి వచ్చే అరుదైన సందర్భం అది.

రికార్డ్ ప్లేయర్

ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిడ్జ్, అంటే సూది ఉండే భాగం, ఇచ్చే సిగ్నల్ 5 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది, టీవీ సిగ్నల్‌లో అరవయ్యో వంతు. పైగా ఆ సిగ్నల్‌ని పెంచే ఫోనో స్టేజ్‌లోని ఆర్‌ఐఏఏ దిద్దుబాటు (రికార్డ్ కోసేటప్పుడు తగ్గించిన బేస్‌ని తిరిగి పెంచడం) 1,000 హెర్ట్జ్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్‌ని దాదాపు 17 డెసిబెల్స్ పైకి లేపుతుంది. ఇక్కడ ఏ చిన్న తప్పైనా పెద్ద గుయ్ అవుతుంది. వెనకనుంచి విడిగా వచ్చే సన్నటి ఎర్త్ తీగ ఆంప్ గ్రౌండ్ స్క్రూకి తగిలిందా చూడండి. తర్వాత ప్లేయర్‌ని ఆంప్ మీద నుంచి దించి ఒక మీటరు పక్కకి జరపండి. ఈ రెండూ అయ్యాకే వేరే ఫోనో ప్రీఆంప్ గురించి ఆలోచించండి.

పాత ఆంప్, అసెంబుల్డ్ ఆంప్: బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

వాల్యూమ్ సున్నాలోనూ రెండు చానళ్లలో సమానంగా 100 హెర్ట్జ్ వస్తుంటే ఫిల్టర్ కెపాసిటర్లు ముసలివైనట్టు. మోటారు ఆగి ఆగి నడుస్తున్నా కుళాయిలో ధార ఒకేలా రావడానికి ఓవర్‌హెడ్ ట్యాంకు ఎలాగో, డయోడ్ల నుంచి వచ్చే కరెంటుకి ఈ కెపాసిటర్లు అలా. పదిహేను ఇరవై ఏళ్లకి లోపలి ద్రవం ఎండి వాటి సామర్థ్యం పడిపోతుంది. మార్చడానికయ్యే ఖర్చు కొత్త ఆంప్ ధరతో పోలిస్తే చాలా తక్కువ, కాబట్టి సోనోడైన్, కాస్మిక్, నార్జ్ లాంటి పాత ఆంప్‌లు మంచి స్థితిలో ఉంటే నిస్సందేహంగా బాగుచేయించండి. రెండు కెపాసిటర్లూ కలిపే మార్చాలి, వోల్టేజీ రేటింగ్ పాతదానికి సమానంగా లేదా ఎక్కువగా ఉండాలి. ఈ పని తెలిసినవాళ్లే చేయాలి, ప్లగ్ తీసినా వాటిలో కరెంటు నిలవ ఉంటుంది. హైదరాబాద్ వాళ్లకి కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాలు దొరుకుతాయి. పేరున్న కంపెనీ కెపాసిటర్లకి నకిలీలు తిరుగుతుంటాయి కాబట్టి ధర మరీ తక్కువ చెబితే వదిలేయండి.

మన ఊళ్లలో అసెంబుల్డ్ ఆంప్‌లకి పెద్ద చరిత్ర ఉంది. టీడీఏ2030, ఎస్‌టీకే ఐసీలతో మొదలై ఇప్పటి క్లాస్ డీ బోర్డుల దాకా ఎందరో మెకానిక్‌లు అద్భుతమైన సెట్లు కట్టారు. వాటిలో హమ్ వస్తే తప్పు ఎక్కువగా అమరికలో ఉంటుంది, బోర్డులో కాదు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే టోన్ కంట్రోల్ బోర్డు ఉందా? వాల్యూమ్ కంట్రోల్‌కి మామూలు వైరు వేశారా, షీల్డ్ వైరా? గ్రౌండ్ వైర్లు ఒకదాని వెంట ఒకటి గొలుసుగా వెళ్లాయా, లేక అన్నీ ఫిల్టర్ కెపాసిటర్ల మధ్య బిందువు దగ్గర కలిశాయా? అన్నీ ఒకే చోట కలిపిస్తే సగం రోగాలు అక్కడే పోతాయి. దానికయ్యేది మెకానిక్ కూలీ మాత్రమే.

యూఎస్‌బీ, బ్లూటూత్ ప్లేయర్ కిట్ బిగించాక కీచుమనే రొద మొదలైతే అది ప్రత్యేకమైన సమస్య. ఆంప్ సప్లై నుంచే కిట్‌కి 5 వోల్టులు తీయడం వల్ల, సప్లై గ్రౌండ్, ఆడియో గ్రౌండ్ రెండు దారుల్లో కలిసి డబ్బాలోపలే ఒక లూప్ తయారవుతుంది. బీ0505ఎస్ అనే చిన్న ఐసొలేటెడ్ మాడ్యూల్‌ని కిట్‌కి ముందు పెడితే పోతుంది. అది 1 వాట్ రకం కాబట్టి 200 మిల్లీ ఆంపియర్లే ఇవ్వగలదు. బ్లూటూత్‌కి సరిపోతుంది. పెన్‌డ్రైవ్ కూడా నడపాలంటే ఫోన్ చార్జర్ బోర్డునొకదాన్ని విడిగా వాడడం మేలు.

బుస్ శబ్దం

కూర్చునే చోటు నుంచి వినపడకపోతే వదిలేయండి, అది లోపం కాదు. వినపడితే ముందు ఫోన్ లేదా టీవీ వాల్యూమ్‌ని పైకి తెచ్చి, ఆంప్ వాల్యూమ్ తగ్గించండి. చాలామంది దీన్ని తలకిందులుగా పెట్టుకుని ఆంప్‌ని నిందిస్తారు. అలా చేసినా పోకపోతే, సెన్సిటివిటీ ఎక్కువున్న (తక్కువ పవర్‌కే గట్టిగా పలికే) బాక్సులకి గెయిన్ ఎక్కువున్న ఆంప్ జతపడిందన్నమాట. ఆ ఒక్క సందర్భంలో ఆంప్ మార్చడం న్యాయమైన ఖర్చు.

విదేశాల నుంచి తెచ్చిన సెట్లు

గల్ఫ్ నుంచి తెచ్చిన పాత జపాన్ స్టీరియోలు మన జిల్లాల్లో ఇంకా చాలా ఇళ్లలో పాడుతున్నాయి. వాటిలో కొన్నిటికి వెనక వోల్టేజీ సెలెక్టర్ ఉంటుంది. అది 220 లేదా 240లో ఉందో లేదో ప్లగ్ పెట్టేముందే చూడండి. 240 స్థానం ఉంటే మన కరెంటుకి అదే మేలు, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కదు, తక్కువ గుర్రుమంటుంది.

అమెరికా నుంచి తిరిగొచ్చేవాళ్ల ఆంప్‌లు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌వి. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది కానీ 50 హెర్ట్జ్‌ని 60 చేయలేదు. 60 హెర్ట్జ్‌కే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో ఇక్కడ అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరుగుతుంది. వేడి, గుర్రు రెండూ పెరుగుతాయి, ఏ ఐసొలేటర్ దాన్ని ఆపలేదు. ఆంప్ వెనక రేకు మీద 50/60 హెర్ట్జ్ అని రాసి ఉంటే తెచ్చుకోండి. 60 మాత్రమే రాసి ఉంటే అక్కడే అమ్మేసి, బాక్సులు మాత్రం తెచ్చుకోండి. జపాన్‌లో వాడే 100 వోల్టుల సెట్లకి ఈ పౌనఃపున్యం ఇబ్బంది తక్కువ: టోక్యో వైపు 50, ఒసాకా వైపు 60 హెర్ట్జ్ నడుస్తుంది కాబట్టి అక్కడి కంపెనీలు సాధారణంగా రెంటికీ సరిపడేలా చేస్తాయి. వాటికి మాత్రం అమెరికా సెట్లకి అమ్మే 110 వోల్టుల స్టెప్ డౌన్ కాదు, కచ్చితంగా 100 వోల్టులిచ్చేదే కొనండి. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ రకం కాకుండా రెండు విడి చుట్లున్న ఐసొలేషన్ రకం అడిగి, మీ ఆంప్ వెనక రాసిన వాట్లకి రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకుని, దాన్ని ఆంప్‌కీ రికార్డ్ ప్లేయర్‌కీ దూరంగా నేల మీద పెట్టండి.